తీసేసిన నూట పన్నెండు పదాలు

నమోదు 1. కథ పంపిన రోజు

గట్టువాణి పత్రిక పోటీ పరిశీలకులకు నమస్కారం. కథ మనిషే రాసిందని రుజువుగా మీ నియమం ప్రకారం ఈ రచనా దినచర్య జతచేస్తున్నాను. ఫలితాలొచ్చే తొంభయ్యో రోజుదాకా వీలైనప్పుడల్లా పెదవి కదపకుండా లోగొంతుకతో ఇందులో చెప్పుకుంటాను, మీరు నా గొంతులో పెట్టిన పరికరం మీకు చేరవేస్తుంది. బహుమతి వస్తేనే దీన్ని తెరుస్తారు, లేకపోతే తెరవకుండా నాకే తిప్పి పంపుతారు. ఇప్పటికి పదిహేడు పోటీలకు పంపాను. ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు. కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

నా పేరు పైడిరత్నం. ముప్పై ఎనిమిదేళ్లు. మా ఊరు తెప్పవాడ, గట్టుకు అరవై మైళ్ల దూరంలో సముద్రం మీద తేలుతూ ఉంటుంది. ఎనిమిది వందల మందిమి ఉంటాం. నాది పంపుహౌసులో పని. జీతం బియ్యం, మంచినీళ్లు. చేతిలో డబ్బు ఆడేది కథలు అచ్చయినప్పుడే. మొదటి బహుమతి వస్తే గట్టుచీటీ కొనుక్కుని నేల మీదికి వెళ్లిపోతాను. పదకొండేళ్లుగా ఇదే మాట అంటున్నాను. ఊళ్లో వినేవాళ్లు నవ్వడం కూడా మానేశారు.

కథ పదహారు వందల పన్నెండు పదాలు వచ్చింది. మీ హద్దు పదిహేను వందలు. పొద్దున్నంతా కూర్చుని నూట పన్నెండు పదాలు తీసేశాను. అందులో ఎక్కువ భాగం మా పంపుహౌసు ఇత్తడి బిళ్ళ గురించి. గట్టు మీద ఉండేవాళ్లకు అదేమిటో వివరించేసరికి కథ నడక మందగిస్తోంది. తీసేశాక చదివితే నాకే బాగుందనిపించింది.

ఇక అసలు సంగతి. మధ్యాహ్నం పూట జల్లెళ్లు కడగడానికి సముద్రపు వాల్వు పావుగంట తెరిచి, పోటు ఎక్కేలోగా మూసెయ్యాలి. కథలో ఒక ఆడమనిషి ఆ పావుగంటలో వేరే పోటీకి కథ ముగిస్తూ కూర్చుంటుంది. మూయడం మర్చిపోతుంది. ఉప్పునీళ్లు మంచినీళ్ల ట్యాంకులోకి ఎక్కేస్తాయి. ఆ వంతు కాగితం మీద వేరొకరిది కాబట్టి నింద ఆయన మీద పడుతుంది. ఇది కల్పితమని హామీపత్రం మీద సంతకం పెట్టాను. ముగింపు మాత్రమే కల్పితం. మిగతాదంతా ఇరవై రోజుల కిందట ఇక్కడ జరిగింది. ఆ ఆడమనిషిని నేనే.

వంతు దాలినాయుడు మావది. నాకు పంపుపని నేర్పింది ఆయనే. భార్య ఎర్నమ్మత్తకు మోకాలు వాచిందని వైద్యపడవకు తీసుకెళుతూ ఆ పూట నన్ను చూడమన్నాడు. వంతులు మార్చుకోవడం నిషేధం కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వాల్వు పాతబడి దానంతటదే జారిందని ఆయన నమ్మకం. నేను చెప్పలేదు. తప్పు రాసుకున్నవాళ్లకు గట్టుచీటీ ఇవ్వరు. ఆయన్ని మహా అయితే మందలిస్తారు, నెల రోజులు నీళ్లు తగ్గిస్తారు అనుకున్నాను.

సాయంత్రం టపాపడవలో కథ వెళ్లిపోయింది. గొంతు దగ్గర చర్మం కింద కొంచెం వేడి తగిలింది. మూత పడింది.

నమోదు 2. రెండో రోజు

మూత గురించి మీకు చెప్పాల్సిన పని లేదు, బిగించింది మీరే. కానీ ఒక మాట. యంత్రాలు గంటకు లక్ష కథలు అల్లడం మొదలుపెట్టాక అంతకుముందెవరూ వినని కథకే పాఠకులు డబ్బు ఇస్తున్నారు, నిజమే. అందుకని పరిశీలనలో ఉన్న కథ రచయిత నోటినుంచి బయటికి రాకూడదని గొంతులో ఈ మూత బిగించారు. పాత రోజుల్లో వేరే పత్రికకు పంపకండి అని మాత్రమే అడిగేవారట. మీరు పక్కింటావిడకు కూడా చెప్పనివ్వరు.

నిజం ఒప్పుకోవాలంటే, మూత పడ్డాక నాకు హాయిగా ఉంది. ఇరవై రోజులుగా చెప్పాలా వద్దా అని నలిగిపోయాను. ఇప్పుడా బాధ లేదు.

నమోదు 3. పన్నెండో రోజు

రేవు దగ్గర పంచాయితీ కూర్చుంది. ఊరు సగం నీళ్ల మీద బతకబట్టి రెండో నెల. జనం పెదవులు పగిలి ఉన్నాయి, ఎవరిలోనూ జాలి మిగల్లేదు. ఊరిపెద్ద అప్పలకొండమ్మ తీర్పు చదివింది. దాలినాయుడికి మూడేళ్లు ఉప్పుతిట్ట. ఉప్పుపడవ వచ్చేది అరవై ఒకటో రోజున. దాంట్లోనే ఎక్కించాలి.

ఉప్పుతిట్ట ఇక్కడికి ఒక పగటి ప్రయాణం. ఇనపబల్ల మీద ఎండిన ఉప్పు గీకే పని, గాలి నిండా ఉప్పుదుమ్ము. మావకు అరవై మూడేళ్లు, ఇప్పటికే దగ్గు. ఆయన తిరిగి రాడని ఊళ్లో అందరికీ తెలుసు.

బిళ్ళ సంగతి కూడా తీర్పులో ఉంది. సముద్రపు వాల్వు తెరిచినవాళ్లు ఇత్తడి బిళ్ళ మెడలో వేసుకోవాలి, మూశాకే తీసి చక్రానికి తగిలించాలి. మరుపు రాకుండా మా పెద్దలు పెట్టిన పద్ధతి అది. ఆ బిళ్ళ ఇప్పుడు కనపడటం లేదు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి దాలినాయుడే సముద్రంలో పారేశాడని రాశారు. మావ కాదనలేదు, అవుననలేదు. వంతు నాది, పూచీ నాది అని ఒక్క మాట అని కూర్చున్నాడు.

నమోదు 4. పదమూడో రోజు

చెప్పేద్దామని వెళ్లాను. గట్టుచీటీ పోతే పోనీ అనుకుని, దారంతా మాటలు కూర్చుకుని వెళ్లాను. "మావా, ఆ వేళ" దాకా వచ్చింది. తర్వాత గొంతు లేదు. నొప్పి ఉండదు, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మాట మాత్రం రాదు. ఇంకో దారిన మొదలుపెట్టాను. అదీ ఆగిపోయింది. దానికి పదాలతో పనిలేదు. నేను ఆ సంగతిలోకి వెళ్లబోతున్నానని నాకంటే ముందే దానికి తెలిసిపోతోంది.

నేను నోరు తెరిచి మూయడం చూసి ఎర్నమ్మత్త నాకు దాహమేసిందనుకుంది. తన వంతు నీళ్లలోంచి గ్లాసెడు పోసి ఇచ్చింది. నిండా పోసింది. తాగకపోతే బాధపడుతుందని తాగాను. నా జన్మలో అంత సిగ్గుతో నీళ్లు తాగలేదు.

నమోదు 5. పంతొమ్మిదో రోజు

ఆ సంగతి చేత్తో రాయబోతే మీరు తొడిగిన ఉంగరం వేళ్లను మొద్దుబారుస్తోంది. ఎడమచేత్తో బొగ్గు పట్టుకుని గోడ మీద గీద్దామనుకుంటే చెయ్యి మోచేతి నుంచి వాలిపోయింది. పంపుహౌసులో వాల్వు ముందు నిలబడి, నన్ను చూడండన్నట్టు గుండెలు బాదుకుందామనుకున్నాను. మెడ బిగుసుకుపోయి పది నిమిషాలు కొయ్యలా నిలబడ్డాను. ఎవరో వచ్చి వీపు నిమిరారు.

పని మాత్రం మామూలే. మావ వంతులన్నీ ఇప్పుడు నాకే వేశారు. జల్లెళ్లు కడుగుతున్నాను, వాల్వు మూసి మూడుసార్లు చూసుకుంటున్నాను. బిళ్ళ లేదు కాబట్టి మెడలో గుడ్డపీలిక కట్టుకోమన్నారు.

నమోదు 6. ఇరవై ఏడో రోజు

టపాపడవలో సంపాదకులకు ఉత్తరం పంపాను. కథ ఊసెత్తకుండా మూడే వాక్యాలు. "దయచేసి నా కథను తిరస్కరించండి. ఎంత బేగి వీలైతే అంత బేగి. జవాబుకు తిరుగు టపా ఖర్చు జతచేశాను." ఏ రచయితా ఇలాంటి ఉత్తరం రాసి ఉండడు.

నమోదు 7. ముప్పై ఏడో రోజు

అచ్చుకార్డు వచ్చింది. "పరిశీలనలో ఉన్న రచనల విషయమై ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు. తుది నిర్ణయం సంపాదకులదే." కింద చిన్న అక్షరాల్లో, మా పత్రికపై మీ అభిమానానికి కృతజ్ఞతలు అని ఉంది. కార్డును నా కథల డబ్బాలో పడేశాను. పదకొండేళ్ల తిరుగుటపాలన్నీ ఆ రేకుడబ్బాలోనే ఉంటాయి. డబ్బా మూత సరిగా పడటం లేదు, అడుగున ఏవేవో సామాన్లు అడ్డం.

నమోదు 8. నలభై నాలుగో రోజు

నియమావళి మళ్లీ చదివాను. గడువులోపు కథ బయటపడే దారి ఒక్కటే ఉంది. నేను ఆ కథ దొంగిలించానని రాసిచ్చానంటే ఆ రోజే తీసేస్తారు, మూత తెరుస్తారు. నా పేరు నల్లజాబితాలో వేసి అన్ని పత్రికలకూ పంపుతారు.

లోపల్లోపల ఉత్తరం తయారుచేసుకున్నాను కూడా. అప్పుడు తట్టింది. దొంగకథలు పంపే మనిషినని ఊరంతా తెలిశాక, వాల్వు మర్చిపోయింది నేనేనని చెబితే ఎవరు నమ్ముతారు? అదీ ఎక్కడో ఎత్తుకొచ్చిన కథేనంటారు. మావను కాపాడదామని అల్లుతోందంటారు. నిజం చెప్పడానికి ముందు అబద్ధం ఆడాలి, ఆ అబద్ధం ఆడాక నిజానికి విలువ ఉండదు. ఇలాంటి ముడి నేను ఏ కథలోనూ వెయ్యలేకపోయాను.

ఉత్తరం పంపలేదు. ఎవరూ నమ్మరన్నది సగం కారణం. మిగతా సగం గట్టుచీటీ. అరవై ఒకటి తర్వాత తొంభై వస్తుందని, మావ వెళ్లిపోయాక నాకు బహుమతి రావచ్చని మనసులో ఒక మూల లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 9. యాభై ఎనిమిదో రోజు

ఎర్నమ్మత్త కబురంపితే మావ మూట కట్టడానికి సాయం వెళ్లాను. రెండు జతల బట్టలు, దగ్గుమందు, ముక్కుకు కట్టుకోవడానికి పాత పంచె చింపిన పీలికలు. అత్త పీలికలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతూ కూర్చుంది. మావే నన్ను ఊరుకోబెట్టాడు. ఉప్పుతిట్ట మీద చేపలు బాగా దొరుకుతాయన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు.

చివర్లో ఆయన ఒక్కదానికే బాధపడ్డాడు. "ఎల్లడానికి నాకేటీ దిగుల్నేదు అమ్మీ. ఆ బిళ్ళే. మా నాన్న ఏసుకున్న బిళ్ళ, నాను ఏసుకున్న బిళ్ళ. దాన్ని నాను సముద్రంల ఇసిరీసేనంతన్నారు సూడు, ఆ మాట మింగుడు పడతన్నేదు."

నేను ఆలోచించలేదు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నోరు దానంతటదే తెరుచుకుంది. "సముద్రంల పడనేదు మావా. నా కతల డబ్బాల ఉన్నాది."

మాట బయటికొచ్చింది. గొంతు ఆగలేదు. అత్త మడతపెట్టడం ఆపి నా వైపు చూసింది. మావ దగ్గుమందు సీసా మూటలో దూర్చాడు. వాల్వు మూసినవాళ్లయితే బిళ్ళ చక్రానికే తగిలిస్తారని ఈ ఊళ్లో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"నాకు సెవుడొచ్చినాది," అన్నాడు చివరికి. "నువ్వేటన్నావో ఇనిపించనేదు. తొంబయ్యో రోజున నీ పలితాలు. గట్టుకెల్లిపో అమ్మీ. మన్లో ఒకలైనా నేల మీద బతకాల."

అత్త లేచి వెళ్లి నీళ్లకుండ మీద మూకుడు సరిచేసింది.

నమోదు 10. యాభై తొమ్మిదో రోజు

డబ్బా బోర్లించాను. తిరుగుటపాల అడుగున బిళ్ళ ఉంది. ఆ మధ్యాహ్నం అది రాతపలక అంచుకు తగిలి టంగుటంగుమంటుంటే చిరాకేసి తీసి ఈ డబ్బాలో పడేశాను. మెడలో ఉండి ఉంటే మూడు నిమిషాలకోసారి గుర్తుచేసేది. గోల మొదలయ్యాక డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. నేను తీసేసిన నూట పన్నెండు పదాల్లో ఉన్నవి ఆ వాక్యాలే. కథలో లేవు కాబట్టి మీ మూతకు వాటి సంగతి తెలీదు.

పరిశీలకులూ, దీనర్థం మీకు బోధపడిందా? పదమూడో రోజున నేను చెప్పాల్సింది బిళ్ళ గురించి. ఆ మాట నా నోట్లో మొదటినుంచీ ఉంది. పంచాయితీలో బిళ్ళ ఊసు వచ్చినప్పుడు కూడా నేను నోరు తెరవలేదు, తెరిస్తే మూత ఆపిందని కాదు. కథ నడక కోసం తీసేశానని మీతో చెప్పాను, నాతోనూ చెప్పుకున్నాను. అది నా మీదికి వేలెత్తి చూపే వస్తువు. అందుకే తీసేశాను. నలభై ఆరు రోజులు గొంతును తిట్టుకున్నాను గాని, నాకు ఆ గొంతు మూసి ఉండటమే కావాలి.

ఇప్పుడు సాకు లేదు. వెళ్లాలి.

నమోదు 11. అరవయ్యో రోజు

బిళ్ళ తోమి మెడలో వేసుకున్నాను. చింతపండు లేదు, ఉప్పూ బూడిదా పెట్టి తోమాను. పడవ ఎక్కించే ముందురోజు రేవులో పంచాయితీ తీర్పు మరోసారి చదువుతుంది. అక్కడికి నడుస్తున్నంతసేపూ బిళ్ళ గురించే అనుకున్నాను. దాని బరువు, అంచున నొక్కు, తాడు ముడి. ఆ మధ్యాహ్నం వైపు మనసు పోయిందంటే మెడ బిగుసుకుపోతుంది. ఇత్తడి, నొక్కు, ముడి అనుకుంటూ అడుగులు వేశాను.

తప్పు చేసినవాళ్లు కూర్చునే బోర్లించిన తొట్టి మీద మావ కూర్చుని ఉన్నాడు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. గుసగుసలు మొదలై ఆగిపోయాయి. అప్పలకొండమ్మ కాగితం పక్కన పెట్టి, ఆ బిళ్ళ నా మెడలోకి ఎప్పుడొచ్చిందని అడిగింది. నోరు తెరిచాను. రాలేదు.

మూత ఉన్నవాళ్లు కథ సంగతి చెప్పలేరని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆవిడ గట్టి మనిషి. ప్రశ్న మార్చి అడిగింది.

"ఇన్నాళ్లూ ఏడున్నాది?"

"నా కతల డబ్బాల."

"ఎవలు పెట్టేరు?"

"నానే."

"దాలినాయుడు నీ సేతికిచ్చేడా?"

"నేదు. సక్రం మీద నుంచి నానే తీసి ఏసుకున్నాను."

ఆ చివరి ముక్క కూడా తీసేసిన వాటిలోదే. నా దస్తూరీలో ఆ వాక్యం నాకు గుర్తుంది. ఎప్పుడు, ఎందుకు అని ఆవిడ మళ్లీ అడిగితే నా గొంతు మళ్లీ ఆగింది. ఆగడమే జవాబుగా రాసుకున్నారు. మావ లేచి ఏదో చెప్పబోయాడు. చెవుడొచ్చిన మనిషి మాట్లాడకూడదన్నాను. జనం ఎందుకు నవ్వారో వాళ్లకే తెలీదు, చాలా రోజుల తర్వాత నవ్వారు.

మూడేళ్లు నాకు వేశారు. వంతు మార్చినందుకు మావకు నెల రోజులు నీళ్ల కోత. గట్టుచీటీల పుస్తకంలో నా పేరు కొట్టేశారు. అప్పలకొండమ్మ బిళ్ళ తీసుకుని మావ చేతిలో పెట్టింది. భయం వేస్తోంది. చాలా భయం వేస్తోంది. అయినా మావ చేతిలో ఆ బిళ్ళ చూసినప్పుడు ఏడుపు రాలేదు.

నమోదు 12. డెబ్బై ఆరో రోజు, ఉప్పుతిట్ట

చేపలు లేవు. మావ అబద్ధం చెప్పాడు.

పొద్దున్న గీకుడు, మధ్యాహ్నం బస్తాలు. ముక్కుకు కట్టుకున్న పీలికలు ఎర్నమ్మత్త మడతపెట్టినవే. ఇక్కడ పదిమందిమి ఉన్నాం. ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు, నా వంతు వచ్చేసరికి మాట రాదు. మూగదాన్ననుకుని నాకు తేలిక పని ఇస్తున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఎక్కడికి పోయినా ఆ కథలోనే ఉన్నాను.

నమోదు 13. తొంభై మూడో రోజు, ఉప్పుతిట్ట

మంచినీళ్లూ టపా ఒకే పడవలో వస్తాయి. ఈసారి నీళ్లు తెచ్చింది మావ. పంపుహౌసు వంతులు మళ్లీ ఆయనకే ఇచ్చారట, నీళ్లపడవ కూడా అడిగి వేయించుకున్నాడట. మెడలో బిళ్ళ లేదు, అది చక్రం దగ్గర ఉండాల్సిన వస్తువు.

గట్టువాణి కవరు ఆయనే చేతికిచ్చాడు. బహుమతికి ఎంపిక కాలేదు, సాధారణ ప్రచురణకూ తీసుకోలేదు, కారణాలు తెలపడం వీలుకాదు. దినచర్య తెరవకుండా తిప్పి పంపుతున్నారు. ఉత్తరం చదువుతుండగానే గొంతు దగ్గర చిన్న వేడి తగిలి చల్లారింది, మూత తెరుచుకుంది. ఇక మీరెవరూ దీన్ని వినరు. అయినా మిగిలిన ముక్క చెప్పి ఆపేస్తాను.

మావ నీళ్లగొట్టం ట్యాంకులో పెట్టి పంపు వేశాడు. నేను ఆయన పక్కన నిలబడి చెప్పాను. ఆ వేళ వాల్వు తెరిచింది నేను, కథ రాస్తూ మూయడం మర్చిపోయింది నేను, తెలిసీ నిన్ను తొట్టి మీద కూర్చోబెట్టింది నేను. గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది. చెప్పడం అయిపోయాక ట్యాంకు అంచున కూర్చున్నాను. నూట పదమూడు రోజులు పట్టిన మాటలు ఒక్క నిమిషంలో అయిపోయాయి.

మావ గొంతు సవరించుకున్నాడు. దగ్గు కొంచెం తగ్గింది. "ఊరోలందరికీ తెలిసిందే గదేటి. నీ నోటంట ఇందామని వచ్చేను," అన్నాడు. పంపు వేగం తగ్గించి అడిగాడు. "నువ్వు ఆలకి పంపిన కతల ఎన్నాల్లకి ఒప్పుకున్నావేటి?"

"ఆ రోజే మావా. పొద్దు గుంకకముందే, ఊరందరి ముందర."

ఆయన ట్యాంకులోకి తొంగి చూసి నీళ్లెంత ఎక్కాయో చూసుకున్నాడు.

"అందుకే తిప్పి పంపీసేరు," అన్నాడు.

తర్వాత గొట్టం జారుతోంది, పట్టుకోమన్నాడు. ట్యాంకు నిండేదాకా పట్టుకున్నాను.